రాత్రి 298తో గెలిచి, చివరికి 21తో ఓడారు: మన మిల్టన్ ఈస్ట్ సీటులో ఏం జరిగింది?

మిల్టన్‌మామ | మే 17, 2025, ఉదయం 8:12

కెనడా పార్లమెంటు ఎన్నికల్లో, టొరంటో పక్కనున్న మన సీటుకి నిన్న సాయంత్రానికి రీకౌంట్ అయిపోయింది. మన మిల్టన్ ఈస్ట్–హాల్టన్ హిల్స్ సౌత్‌లో లిబరల్ పార్టీ క్రిస్టినా టెస్సర్ డెర్క్‌సెన్ 21 ఓట్ల తేడాతో గెలిచినట్టు తేల్చారు. ఏప్రిల్ 28 రాత్రి టీవీ కట్టేసి పడుకునేటప్పటికి కన్సర్వేటివ్ పార్టీ పర్మ్ గిల్ 298 ఓట్ల ఆధిక్యంలో ఉన్నాడు, ఇక గెలిచినట్టే అనుకున్నాం. తర్వాత వాలిడేషన్ అన్నారు, అంటే ఫారాల్లోని అంకెలు సరిచూడడం, అది అయ్యేసరికి కథ తిరగబడి లిబరల్‌కి 29 ఓట్ల ఆధిక్యం వచ్చింది. ఇప్పుడు జడ్జి ముందు ఒక్కో బ్యాలెట్టూ తీసి లెక్కపెడితే ఆ 29 కాస్తా 21 అయింది. ఇద్దరికీ చెరో ముప్పై రెండు వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి, తేడా చూస్తే మా వీధిలో ఒక వరస ఇళ్ళ వాళ్ళంత మంది కూడా లేరు.

నిన్న రాత్రి నుంచీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, ఏదో మతలబు జరిగిందని. ఇక్కడ చాలామంది ఈ సీటులోనో పక్క సీటులోనో ఉంటున్నారు కదా, పోలింగ్ దగ్గర పనిచేసిన వాళ్ళు కూడా ఉన్నారని తెలుసు. మీరు చూసింది రాయండి, ఫార్వర్డులు మాత్రం వద్దు.

సందేహాలరావు | మే 17, ఉదయం 8:40

మామా, రాత్రి ప్లస్ 298, వారం తిరక్కుండా మైనస్ 29. అంటే 327 ఓట్ల తేడా అటు నుంచి ఇటు వచ్చేసింది. ఇదే మన ఊళ్ళో జరిగితే ఈపాటికి కలెక్టరాఫీసు ముందు టెంటు వేసేవాళ్ళం. ఇక్కడ అందరూ "ప్రాసెస్" అని తల ఊపుతున్నారు. అధికారంలో ఉన్న లిబరల్ పార్టీ వైపే ఎందుకు తిరిగింది అని అడిగితే తప్పా?

అనకాపల్లిబెల్లం | మే 17, ఉదయం 9:05

21 ఓట్లకే ఇంత ఆశ్చర్యమా రావు గారూ. 1989లో మా అనకాపల్లి లోక్‌సభ సీటు కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో. అసెంబ్లీ కాదండీ, లోక్‌సభ! 2014లో మంగళగిరి 12 ఓట్లు, 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లు. మనం ఇలాంటివి చూసి చూసి ముదిరిపోయిన జాతి.

సందేహాలరావు | మే 17, ఉదయం 9:11

బెల్లం గారూ, తక్కువ తేడా గురించి కాదు నా బాధ. గెలిచాడని చెప్పి తర్వాత కాదనడం గురించి.

పెన్సిల్‌అక్క | మే 17, ఉదయం 10:26

నేను ఈసారి పోలింగ్ రోజు పనిచేశాను. ఏ పోల్ (అంటే బూత్), ఎవరికెన్ని అనేవి చెప్పను, చెప్పకూడదు కూడా. పద్ధతి మాత్రం చెప్తాను, ఎందుకంటే ఈ ఫార్వర్డులు రాసేవాళ్ళు ఒక్కసారి కూడా ఆ గదిలో కూర్చున్నట్టు లేరు.

రాత్రి తొమ్మిదిన్నరకి తలుపులు మూస్తాం. ముందు వాడని బ్యాలెట్లు, పాడైన బ్యాలెట్లు, ఓటేసిన వాళ్ళ సంఖ్య అన్నీ లెక్క చూసుకుని అప్పుడే పెట్టె తెరుస్తాం. ఒక్కో బ్యాలెట్ తీసి, విప్పి, అక్కడున్న పార్టీల ప్రతినిధులకి చూపించి, పేరు పైకి చదివి, కుప్పల్లో పెడతాం. యంత్రాలు లేవు, కాగితం, పెన్సిలు, మన కళ్ళు, అంతే. అయిపోయాక ఆ అంకెలు ఒక అధికారిక ఫారం మీద రాసి సంతకాలు చేసి, బ్యాలెట్లు కవర్లలో పెట్టి సీలు వేస్తాం. ఇంతవరకూ జరిగింది అసలు లెక్క.

ఆ తర్వాత అవే అంకెలు ఆఫీసుకి చేరవేస్తే అక్కడ కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. మీరు టీవీలో చూసేది ఇది. పొద్దున ఎప్పుడో లేచి పన్నెండు పధ్నాలుగు గంటలు పనిచేసిన మనిషి చెప్పేది ఒకటి, అవతల విని కొట్టేది ఒకటి అయ్యే అవకాశం ఎంతుందో మీరే ఊహించుకోండి. అందుకే ఆ రాత్రి అంకెలు ప్రిలిమినరీ అని అక్కడే రాసి ఉంటుంది, మనమే చదవం.

వాలిడేషన్ అంటే రిటర్నింగ్ ఆఫీసర్ ఆ సంతకాలున్న ఫారాలు తెరిచి, రాత్రి ఎక్కించిన అంకెలతో సరిపోల్చడం. బ్యాలెట్ కవర్లు ముట్టుకోరు. కొట్లో సాయంత్రం నోటితో చెప్పిన లెక్క ఒకటుంటుంది, చిట్టా తీసి కూడితే వచ్చే లెక్క ఒకటుంటుంది, మరి చిట్టా కదా నమ్మాల్సింది? బ్యాలెట్లు మళ్ళీ తెరిచేది జడ్జి ఒక్కరే, అదీ పార్టీల లాయర్ల ఎదురుగా.

సందేహాలరావు | మే 17, ఉదయం 10:50

అక్కా మీ మాట కాదనను. కానీ రీకౌంట్ ఎవరు అడిగారు? అడిగితేనే చేస్తారా?

పెన్సిల్‌అక్క | మే 17, ఉదయం 11:02

ఎవరూ అడగక్కర్లేదు. తేడా మొత్తం చెల్లిన ఓట్లలో వెయ్యో వంతు కంటే తక్కువైతే రిటర్నింగ్ ఆఫీసరే జడ్జి దగ్గరికి వెళ్ళి తీరాలి. ఇక్కడ మొత్తం అరవై అయిదు వేల పైన ఓట్లు, వెయ్యో వంతు అంటే అరవై పైచిలుకు. 29 దానికి చాలా కింద. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే ఓటరెవరైనా నాలుగు రోజుల్లో జడ్జికి అర్జీ పెట్టుకోవచ్చు, కాకపోతే లెక్కలో తేడా జరిగిందని ప్రమాణపత్రం ఇవ్వాలి. ఇండియాలో లాగా కౌంటింగ్ హాల్లోనే అరిచి రీకౌంట్ అడగడం ఉండదు.

గోంగూర905 | మే 17, ఉదయం 11:15

సమానంగా వస్తే? మన దగ్గర లాటరీ తీస్తారు కదా.

పెన్సిల్‌అక్క | మే 17, ఉదయం 11:18

ఇక్కడ లాటరీ లేదు, ఉప ఎన్నిక పెడతారు. పూర్వం రిటర్నింగ్ ఆఫీసర్ ఓటేసి తేల్చేవారట, ఆ పద్ధతి తీసేశారు.

జార్జ్‌టౌన్‌గాడు | మే 17, మధ్యాహ్నం 1:37

నేను గిల్ వైపు పనిచేసిన వాణ్ణి, దాచుకునేదేం లేదు, ఈ ఫలితం నాకు మింగుడు పడలేదు. పోలింగ్ రాత్రి స్క్రూటినీర్‌గా, అంటే మన భాషలో ఏజెంటుగా ఒక పోల్‌లో కూర్చున్నాను. రావు గారూ, మీ అనుమానం నాకు ఉపయోగపడేదే కానీ నేను ఎత్తుకోను. నేను కూర్చున్న టేబుల్ దగ్గర అన్నీ నా కళ్ళ ముందే చదివారు, నేను రాసుకున్న అంకెలూ వాళ్ళ అంకెలూ ఒకటే. మా పార్టీ ఏజెంట్లు వెళ్ళిన చోట ఎవరి దగ్గరా వాళ్ళు రాసుకున్న కాగితం ఉంటుంది. ఏజెంటు లేని పోల్స్ చాలా ఉన్నాయి, అసలు సమస్య అక్కడుంది. సాయంత్రం దాకా తలుపులు తట్టి వచ్చి మళ్ళీ రాత్రి పదకొండు దాకా కూర్చోమంటే ఎవరు వస్తారు చెప్పండి.

చెల్లని ఓట్ల దగ్గర కాస్త గొడవ ఉంటుంది. గుండ్రంలో ఎక్స్ పెట్టమంటే ఒకాయన టిక్కు పెడతాడు, ఒకావిడ గుండ్రమంతా నల్లగా నింపేస్తుంది, ఒకడు పేరు పక్కన బొమ్మ గీస్తాడు. గుర్తు గుండ్రంలో ఉండి ఎవరికి వేశాడో స్పష్టంగా తెలిస్తే చెల్లుతుంది, ఓటరెవరో గుర్తుపట్టేలా సంతకమో పేరో ఉంటే చెల్లదు, రెండు గుండ్రాల్లో గీస్తే చెల్లదు. ఒక్కో పోల్‌లో ఒకరిద్దరు అధికారులు ఒక్కోలా చూస్తారు. రీకౌంట్‌లో జడ్జి ఇవన్నీ ఒకే కొలతతో చూస్తాడు కాబట్టి నాలుగైదు అటూ ఇటూ అవుతాయి. 29 నుంచి 21కి రావడం అలాంటిదే. 327 తేడా మాత్రం బ్యాలెట్ల మీద గీతల వల్ల రాదు, అది అంకెలు ఎక్కించిన చోటి నుంచే రావాలి.

ఇంకో మాట. ఈ సీటు కొత్తది, 2022 పునర్విభజనలో పుట్టింది. పాత మిల్టన్‌ని రెండుగా కోసి తూర్పు ముక్కని మా జార్జ్‌టౌన్‌తో కలిపారు. మాది పాత ఊరు, కిచెనర్ లైన్ రైలు, వేళ్ళూనుకుపోయిన కుటుంబాలు. మీ మిల్టన్ నిన్న మొన్న లేచిన టౌన్‌హౌసులు. తలుపు తడితే మా దగ్గర కార్బన్ టాక్స్, దొంగతనాలు, ట్రంప్. మీ దగ్గర మార్ట్‌గేజ్, మార్ట్‌గేజ్, మళ్ళీ మార్ట్‌గేజ్.

మిల్టన్‌మామ | మే 17, మధ్యాహ్నం 2:20

మార్ట్‌గేజ్ ఒక్కటే కాదు తమ్ముడూ, టొరంటో వెళ్ళే గో రైలు కూడా. లైను పేరే మిల్టన్ లైను, పొద్దున టొరంటో వెళ్ళడానికి, సాయంత్రం రావడానికి తప్ప మిగతా టైములో రైలు ఉండదు, వీకెండ్ అసలే ఉండదు. పట్టాలు సీపీకేసీ అనే రైల్వే కంపెనీ వాళ్ళవి, గూడ్సు బళ్ళకి అడ్డం లేకుండా మనకి దారివ్వాలంటే కొత్త పట్టాలు వెయ్యాలి, దానికి ఫెడరల్ డబ్బు కావాలి. ప్రతి ఎన్నికకీ రోజంతా రెండు వైపులా రైలు అంటారు, ఎన్నిక అయ్యాక మళ్ళీ మనం ఫోర్ నాట్ వన్ హైవే మీదే.

ఇంకా సీఎన్ రైల్వే కంపెనీ వాళ్ళ కంటైనర్ల యార్డు. రోజుకి ఎనిమిది వందల లారీలు వచ్చి పోతాయన్న ప్రాజెక్టు. 2021 జనవరిలో ఒట్టావా, అంటే ఫెడరల్ ప్రభుత్వం, 325 షరతులతో అనుమతిచ్చింది, టౌనూ రీజియనూ కోర్టుకెళ్ళాయి, 2024 మార్చిలో ఫెడరల్ కోర్టు ఆ అనుమతిని కొట్టేసింది, అదే ఏడు అక్టోబర్‌లో అప్పీల్ కోర్టు మళ్ళీ నిలబెట్టింది. ఇది అచ్చంగా ఫెడరల్ విషయం. అయినా మా ఇంటి తలుపు తట్టిన ఇద్దరిలో ఒక్కరూ దాని ఊసెత్తలేదు, అంతా ట్రంప్ సుంకాలూ, కెనడాని 51వ రాష్ట్రం చేస్తానన్న మాటలూ.

ఊరు పెరిగిన తీరు చూస్తే ఎవరు గెలుస్తారో చెప్పలేకపోవడంలో వింతేం లేదు. 2001లో మిల్టన్ జనాభా 31 వేల పైన, 2021 లెక్కల్లో 1,32,979. లేక్ ఒంటారియో నుంచి పెద్ద పైపు వేసి నీళ్ళు తెచ్చాక కానీ ఇళ్ళు లేవలేదు, అంతకుముందు బావుల నీళ్ళే ఆధారం. అంటే ఓటర్లలో చాలామందికి ఈ ఊరి రాజకీయం వారసత్వంగా వచ్చింది కాదు. లీసా రైట్ అంతటి మాజీ మంత్రి, కన్సర్వేటివ్‌ల డిప్యూటీ లీడర్, 2019లో మిల్టన్‌లో ఒలింపిక్స్ కయాకింగ్ బంగారు పతకం గెలిచిన ఆడమ్ వాన్ కోవర్డెన్ చేతిలో ఓడిపోయింది. ఇక్కడ ఏ సీటూ ఎవరి సొత్తూ కాదు.

బ్రాంప్టన్‌బాబాయ్ | మే 17, సాయంత్రం 5:48

గిల్ మా దగ్గరి సరుకే. 2011లో బ్రాంప్టన్–స్ప్రింగ్‌డేల్‌లో రూబీ ఢల్లాని ఓడించి ఎంపీ అయ్యాడు, 2015లో ట్రూడో గాలికి కొట్టుకుపోయాడు. 2018లో మిల్టన్ వెళ్ళి ప్రొవిన్షియల్‌లో, అంటే ఒంటారియో అసెంబ్లీకి, ఇందిరా నాయుడు-హారిస్ మీద గెలిచి, తర్వాత ఫోర్డ్ కేబినెట్‌లో మంత్రి అయ్యాడు. ఆ నాయుడు మన నాయుడేనా అంటే, ఆవిడ దక్షిణాఫ్రికాలో పుట్టిన భారత సంతతి మనిషి, ఆ దేశంలో నాయుడు పేర్లు చాలావరకు మన వైపు నుంచి వెళ్ళినవే. ఆవిడ కొడుకు కూడా 2024 ఉప ఎన్నికలో నిలబడి ఓడిపోయాడు. ఆ ఉప ఎన్నిక ఎందుకొచ్చిందంటే గిల్ మంత్రి పదవి వదులుకుని ఫెడరల్‌కి రావడం వల్ల. చేతిలో ఉన్న మంత్రి పదవి వదిలి వచ్చి 21 ఓట్లతో పోవడం, పాపం అనాలో ఏమనాలో.

మా బ్రాంప్టన్ వెస్ట్‌లో మటుకు ఆరోగ్య మంత్రి కమల్ ఖేరాయే ఓడిపోయింది. దేశమంతా లిబరల్ వైపు ఊగితే మన 905లో, అంటే టొరంటో చుట్టూ ఉన్న ఊళ్ళలో, చాలా సీట్లు ఎదురు ఊగాయి. ట్రంప్ భయం పెద్దవాళ్ళకి, ఇంటి ధర, కార్ల దొంగతనం, బెదిరించి డబ్బు వసూలు చేసే ఫోన్లు మన వయసు వాళ్ళకి. నా లెక్క అది.

[మోడరేటర్ | మే 17, రాత్రి 9:00: అభ్యర్థుల మతం మీద రాసిన రెండు పోస్టులు తీసేశాం. రాజకీయం మీద ఎంతైనా కొట్టుకోండి, మనుషుల పుట్టుక మీద వద్దు.]

కొత్తపీఆర్ | మే 18, ఉదయం 7:55

నాదొక చిన్న సందేహం. మేము మిల్టన్‌లో అద్దెకుంటున్నాం, టాక్స్ కడుతున్నాం, ఓటు మాత్రం లేదు. మా కాంప్లెక్స్‌లో తెలుగు వాళ్ళు చాలామంది, అందరూ నాలాగే పీఆర్ (శాశ్వత నివాసం) లేదా వర్క్ పర్మిట్. మా తలుపు తట్టిన వాలంటీర్ "మీరు సిటిజనా" అని అడిగి, కాదంటే నవ్వి పక్కింటికి వెళ్ళిపోయాడు. మనం దేనికీ పనికిరామా?

గోంగూర905 | మే 18, ఉదయం 8:03

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంది కదా, అక్కడ వేసుకో బ్రో 😀 ఓవర్సీస్ ఓటరుగా పేరు రాయించుకోవచ్చు, కాకపోతే విమానం ఎక్కి వెళ్ళి సొంత బూత్‌లోనే వెయ్యాలి.

మిల్టన్‌మామ | మే 18, ఉదయం 9:30

పనికిరాకపోవడం ఏమిటమ్మా. ఓటు ఒక్కటే సిటిజన్‌కి. పీఆర్ ఉన్నవాళ్ళు పార్టీలో చేరచ్చు, అభ్యర్థి ఎవరో తేల్చే నామినేషన్ ఓటింగ్‌లో పాల్గొనచ్చు, చందా ఇవ్వచ్చు, 2025లో పార్టీకి 1,750 డాలర్ల దాకా. మొదటి 400 డాలర్లలో 75 శాతం టాక్స్ క్రెడిట్ కింద వెనక్కి వస్తుంది. మీ డబ్బే అయ్యుండాలి, వేరేవాళ్ళ డబ్బు మీ పేరు మీద ఇస్తే నేరం, ఇది గుర్తుపెట్టుకోండి. నామినేషన్ల దగ్గర కూడా జాగ్రత్త, విదేశీ జోక్యం మీద జస్టిస్ హోగ్ జరిపిన విచారణలో వేలు పెట్టి చూపించిన చోట్లలో అదొకటి. బస్సుల్లో జనాన్ని తోలుకెళ్ళే బాపతు మన దగ్గర చూసిందే.

కానీ నాకు నిజంగా కోపం వచ్చేది మీ మీద కాదు. సిటిజన్‌షిప్ తీసుకుని, ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేసి, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) కోసం తిరిగి తిరిగి తెచ్చుకుని, ఇంత కష్టపడి చేతికొచ్చిన ఓటుని ఇంట్లో పెట్టుకునే వాళ్ళ మీద. అడిగితే "ఎవడైతే ఏముంది మామా" అంటారు. గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టర్ మండే దాకా నాలుగు రోజులు అడ్వాన్స్ పోలింగ్ పెట్టారు. దేశం మొత్తం మీద 73 లక్షల మంది ఆ నాలుగు రోజుల్లోనే వేసి పోయారు. మనవాళ్ళలో కొందరు అదే వీకెండ్ నయాగరా వెళ్ళి ఫొటోలు పెట్టారు. మన వాళ్ళు ఒక పాతిక మంది, ఏ పార్టీకైనా సరే, కదిలి ఉంటే ఇవాళ ఈ చర్చే ఉండేది కాదు.

రాత్రిషిఫ్ట్ | మే 18, మధ్యాహ్నం 12:14

మామా మీరు రిటైరైనట్టున్నారు, తేలిగ్గా మాట్లాడతారు. నాకు సిటిజన్‌షిప్ ఉంది, ఓటు వెయ్యలేదు. వేర్‌హౌస్‌లో పని, ఆ రోజు పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా డ్యూటీ పడింది. మిస్సిసాగా నుంచి వచ్చేసరికి ఎనిమిది దాటింది, పిల్లాడికి జ్వరం, ఇక వెళ్ళలేదు. అడ్వాన్స్ పోలింగ్ నాలుగు రోజులూ కూడా డ్యూటీలే, పండగ రోజు డబుల్ జీతం ఎవడు వదులుకుంటాడు. ముందు రోజు సూపర్‌వైజర్‌ని అడిగితే "రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంది కదా, వెళ్ళి వేసుకో" అన్నాడు.

పెన్సిల్‌అక్క | మే 18, మధ్యాహ్నం 12:40

బాబూ, ఆయన అలా అనకూడదు. పోలింగ్ టైములో వరసగా మూడు గంటలు మీకు ఖాళీ దొరకాలి, అది చట్టం. ఏడింటికి డ్యూటీ దిగితే తొమ్మిదిన్నర దాకా ఉన్నది రెండున్నర గంటలే, కాబట్టి కనీసం అరగంట ముందు జీతం కొయ్యకుండా వదలాల్సిందే. ఎప్పుడు వదలాలనేది వాళ్ళిష్టం, వదలకపోవడం వాళ్ళిష్టం కాదు. డ్రైవర్లు, రవాణా పనుల్లో ఉన్న కొందరికి మాత్రం మినహాయింపు ఉంది. ఈసారి ఇది ప్రింట్ తీసి చూపించండి.

ఇంకొకటి, ఎన్నికల నోటీసు వచ్చిన వెంటనే రిటర్నింగ్ ఆఫీసుకి వెళ్ళి కూడా వేసెయ్యొచ్చు, స్పెషల్ బ్యాలెట్ అంటారు. దాంట్లో పేర్ల జాబితా ఉండదు, ఖాళీ చోట అభ్యర్థి పేరు మీరే రాయాలి. పార్టీ పేరు ఒక్కటే రాస్తే చెల్లదు, చాలామంది అక్కడే పోగొట్టుకుంటారు.

రాత్రిషిఫ్ట్ | మే 18, మధ్యాహ్నం 12:52

ఇది నిజంగా తెలీదక్కా. మా షిఫ్ట్‌లో సగం మంది మనవాళ్ళూ పంజాబీలే, ఒక్కడికీ తెలీదు.

మాంట్రియల్‌మిర్చి | మే 18, సాయంత్రం 6:30

మీ 21 ఏం లెక్క, మా వైపు చూడండి. మాంట్రియల్ పక్కన టెర్‌బాన్ సీటు. రాత్రి లిబరల్ 35 ఓట్లతో గెలిచిందన్నారు. వాలిడేషన్‌లో క్యుబెక్ ప్రాంతీయ పార్టీ బ్లాక్ క్యుబెక్వా 44 ఓట్లు ముందు. మే 10న జడ్జి లెక్కలో లిబరల్ తాత్యానా ఆగస్ట్ ఒకే ఒక్క ఓటుతో గెలుపు. ఒక్క ఓటు! అంతా అయ్యాక ఒకావిడ బయటికొచ్చి, నేను బ్లాక్‌కి వేసి పోస్టులో పంపిన ఓటు తిరిగి నా ఇంటికే వచ్చిందని చెప్పింది. కవరు మీద ఎన్నికల ఆఫీసు వాళ్ళు అచ్చువేసిన పోస్టల్ కోడే తప్పట. ఆ ఓటు చేరి ఉంటే సమానం, అక్కగారు చెప్పినట్టు ఉప ఎన్నిక. బ్లాక్ వాళ్ళు ఇప్పుడు కోర్టుకి వెళ్తామంటున్నారు. ఇక్కడ అనుమానం కాదు, తప్పు కాగితం మీద కనబడుతూనే ఉంది.

సందేహాలరావు | మే 18, సాయంత్రం 6:47

చూశారా! నేను అన్నదేమిటి. పోస్టల్ కోడ్ కూడా సరిగ్గా అచ్చు వెయ్యలేని వాళ్ళని నమ్మమంటారు.

జార్జ్‌టౌన్‌గాడు | మే 18, రాత్రి 7:15

అయ్యా, మీరన్నది దొంగతనం. ఇది చేతకానితనం. రెండిటికీ కోర్టులో శిక్ష వేరు, బయట మన నోట్లో తిట్టూ వేరే ఉండాలి. మా పార్టీ వాళ్ళకి కూడా ఇదే చెప్తున్నా, దొంగతనం అని అరిస్తే మనం సరిగ్గా చెయ్యాల్సిన పని పక్కకి పోతుంది. ఏజెంట్లు లేని పోల్స్ ఎన్ని, తలుపులు తట్టని వీధులెన్ని, ఫోన్ చేసి గుర్తు చెయ్యని మన మద్దతుదార్లు ఎంతమంది, ఇవి లెక్క తియ్యాలి. 22 మందిని ఆ రోజు సాయంత్రం కారెక్కించుకుని తీసుకెళ్ళి ఉంటే అయిపోయేది, నా ఒక్కడి కార్లోనే అయిదారు ట్రిప్పులకి సరిపోయే జనం.

ఒట్టావా_ఉప్మా | మే 19, ఉదయం 10:08

చేతితో లెక్కపెట్టడం గొప్పే కానీ మా కార్ల్‌టన్‌లో చూడాల్సింది. కన్సర్వేటివ్ నాయకుడు పొయిలీవ్ర్ సీటు కదా, ఎన్నికల పద్ధతి మీద నిరసనగా ఒక గుంపు కట్టగట్టుకుని నామినేషన్లు వేసింది, మొత్తం 91 మంది అభ్యర్థులు. బ్యాలెట్టు దాదాపు మీటరు పొడుగు, దాన్ని మడతపెట్టి పెట్టెలో వెయ్యడానికే తంటాలు. లెక్క తెల్లారినా అవ్వలేదు. తీరా చూస్తే ప్రతిపక్ష నాయకుడు సొంత సీటులోనే బ్రూస్ ఫాంజాయ్ చేతిలో నాలుగు వేల పైన ఓట్లతో పోయాడు. మీ మిల్టన్‌లో బ్యాలెట్టు చిన్నదే కదా, సంతోషించండి.

సందేహాలరావు | మే 19, ఉదయం 10:31

సరే, ఇంకో రకంగా అడుగుతా. లెక్క కరెక్టే అనుకుందాం. ముప్పై రెండు వేల మంది ఒక వైపు, ముప్పై రెండు వేల మంది ఇంకో వైపు, 21 ఎక్కువొచ్చిన వాళ్ళకి మొత్తం సీటు, మిగతా వాళ్ళకి గుండుసున్నా. ఇదేం న్యాయం? ట్రూడో 2015లో ఈ పద్ధతిలో ఇదే చివరి ఎన్నిక అన్నాడు, గెలిచాక మర్చిపోయాడు. దేశంలో కూడా అంతే, లిబరల్స్‌కి 43 పైచిలుకు శాతం, వీళ్ళకి 41 పైచిలుకు, సీట్లలో చూస్తే పాతిక తేడా. మూడో పార్టీ ఎన్డీపీ (న్యూ డెమొక్రటిక్ పార్టీ) వాళ్ళకి ఏడే సీట్లు.

బ్రాంప్టన్‌బాబాయ్ | మే 19, ఉదయం 11:20

ఎన్డీపీ పోవడమే ఈ సీటులో అసలు కథ రావు గారూ. ట్రంప్‌ని చూసి భయపడి ఎన్డీపీ వాళ్ళు లిబరల్‌కి వేశారు. మామూలు ఏడాదిలో వాళ్ళ ఓట్లు వాళ్ళకే ఉంటే గిల్ హాయిగా గెలిచేవాడు. ఇద్దరి పోటీ అయినప్పుడు ఇలా వెంట్రుకవాసిలోకి వస్తుంది. దామాషా పద్ధతి వస్తే మంచిదే కానీ గెలిచినవాడు నిచ్చెన ఎందుకు మారుస్తాడు?

మిల్టన్‌మామ | మే 24, ఉదయం 8:44

కొత్త సంగతి. నిన్న ఇంకో రెండు రీకౌంట్లు తేలాయి. న్యూఫౌండ్‌లాండ్‌లో టెర్రా నోవా సీటు, లిబరల్ 12 ఓట్లతో గెలిచిందన్నది తిరగబడి కన్సర్వేటివ్ 12 ఓట్లతో గెలిచింది. విండ్సర్ దగ్గర కూడా కన్సర్వేటివ్ గెలుపే నిలబడింది, 4 ఓట్లు. రావు గారూ, అధికార పార్టీ వైపే తిరుగుతుందన్నారు, ఇప్పుడు లిబరల్స్ 170 నుంచి 169కి దిగారు, మెజారిటీకి 172 కావాలి. దొంగిలించే వాళ్ళైతే ఇంత పిసినారితనంగా దొంగిలిస్తారా?

సందేహాలరావు | మే 24, ఉదయం 9:02

నాలుగు ఓట్లా! సరే, టెర్‌బాన్ కోర్టు కేసు తేలేదాకా నా అనుమానం నా దగ్గరే ఉంటుంది. మీ మిల్టన్ని మాత్రం వదిలేశా.

కొత్తపీఆర్ | మే 24, ఉదయం 9:40

సిటిజన్‌షిప్ ఫైల్ చేశాం, టెస్టు కోసం చూస్తున్నాం. ఓటర్ల లిస్టులో పేరు దానంతటదే ఎక్కుతుందా?

పెన్సిల్‌అక్క | మే 24, ఉదయం 9:58

సిటిజన్‌షిప్ వచ్చాక టాక్స్ రిటర్న్‌లో ఎలక్షన్స్ కెనడాకి వివరాలు ఇవ్వచ్చా అని ఒక ప్రశ్న ఉంటుంది, అవునని పెట్టండి. లేదంటే ఆన్‌లైన్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. ఇల్లు మారితే అడ్రస్ మార్చుకోండి, పాత అడ్రస్ ఉంటే కార్డు పాత ఇంటికే పోతుంది. పోలింగ్ రోజున అక్కడికక్కడే కూడా రాయించుకోవచ్చు, గుర్తింపు కాగితాలు తీసుకెళ్ళాలి. ఇంకోటి, పోలింగ్ పనికి పదహారేళ్ళు నిండిన సిటిజన్లని తీసుకుంటారు, డబ్బులిస్తారు. పిల్లల్ని పంపండి, ఎప్పుడూ మనుషులు చాలరు.

రాత్రిషిఫ్ట్ | మే 24, మధ్యాహ్నం 1:10

మా పెద్దాడికి పదహారు నిండింది. పంపిస్తా.

జార్జ్‌టౌన్‌గాడు | మే 24, సాయంత్రం 4:25

ఈలోగా ఇంకో పని ఉంది. టెస్సర్ డెర్క్‌సెన్ మిల్టన్ టౌన్ కౌన్సిలర్ కదా, ఎంపీ అయ్యాక ఆ కుర్చీ ఖాళీ. కౌన్సిల్ ఎవరినైనా నియమించచ్చు, లేదా ఉప ఎన్నిక పెట్టచ్చు. మామూలు మున్సిపల్ ఎన్నికలు 2026 అక్టోబర్లో ఎలాగూ ఉన్నాయి. మామా, మీరు ఇంతసేపు మన వాళ్ళని తిట్టారు, నిలబడతారా?

మిల్టన్‌మామ | మే 24, సాయంత్రం 4:51

మీ ఆవిడ పేరు వేద్దామా? ఆవిడకే మొత్తం వీధి తెలుసు.

జార్జ్‌టౌన్‌గాడు | మే 24, సాయంత్రం 4:53

మేముండేది జార్జ్‌టౌన్, మీ టౌన్‌లో పోటీ చెయ్యడానికి అర్హతే లేదు. మీరే ఆలోచించండి, కరపత్రాలు నేను పంచుతా, ఏ పార్టీ రంగూ లేకుండా.